ఇంటికప్పు కింద కూర్చోని బోంగ్‌చీ

మన వంటింట్లో పొయ్యికి ఎడమ పక్క గోడకి చిన్న చెక్క కొట్టి ఉంది కదా, దాని మీద జానెడు రాతిపలక ఉంది కదా, మూడక్షరాలున్నది? నెలకి రెండుసార్లు మీరే దాని ముందు అగరొత్తులు గుచ్చుతున్నారు. ఊహ తెలిసినప్పటినుంచీ గుచ్చుతున్నారు. ఒక్కరంటే ఒక్కరు "నాయనమ్మా, ఇదెవరు?" అని అడిగిన పాపాన పోలేదు. ఎవత్తో ఎక్కడో పిల్లికి స్నానం చేయిస్తే ఫోనులో చూసి దాని పేరేంటి, ఏం తింటుంది, ఎన్నేళ్ళని అడుగుతారు. పొయ్యి పక్కనున్న మనిషిని అడగరు. పెద్దాడైతే దాన్ని వెల్లుల్లి దంచే రాయి అనుకున్నాడు. అనుకుని ఊరుకున్నాడా, దంచాడు కూడా. వాడి వీపు మీద చీపురు విరిగింది. "ఎందుకు కొట్టావ్?" అన్నాడు గానీ "ఎవరిదా రాయి?" అనలేదు, మొద్దు వెధవ.

అడగలేదు కాబట్టి నేనే చెబుతాను. వినండి.

ఆవిడ తియో బోంగ్‌చీ. తియో ఇంటిపేరు. బోంగ్‌చీ అంటే "సరేలే, పెంచుదాం" అని. నాలుగో ఆడపిల్ల. మంత్రసాని చేతిలో చూసి వాళ్ళ నాన్న అన్నమాట అది. అదే పేరైపోయింది. మా రోజుల్లో వాడకి ఇద్దరు బోంగ్‌చీలు ఉండేవాళ్ళు, బావి దగ్గర ఆ పేరు పెట్టి పిలిస్తే నాలుగు కుండలు కింద పడేవి.

పదమూడేళ్ళప్పుడు మా వాడలో ఐదుగురం ఒక జట్టు కట్టాం. కలిసి కుట్టుకోవడం, కలిసి గుల్లలు ఏరడం, కలిసి తిట్టుకోవడం. ఎవరికి చోటు లేకపోతే మిగతావాళ్ళు తమ చాప మీద చోటివ్వాలని అగరొత్తి పట్టుకుని ఒట్టేశాం. పదమూడేళ్ళకి ఎవరైనా ఒట్టేస్తారు, ఖర్చేముంది? మా ఐదుగురిలో బోంగ్‌చీ అందగత్తె కాదు, మంచిదీ కాదు. పిసినారి. చిలగడదుంప గంజిలో దుంప ముక్కలు లెక్కపెట్టుకుని తినేది. తప్పు చేస్తే ఒప్పుకునేది కాదు. నోరు మాత్రం, తల్లీ, ఆ నోరుకి ఎదురుగా కుక్క కూడా మొరిగేది కాదు.

పదిహేడేళ్ళకి పక్క ఊరి చాన్ వాళ్ళబ్బాయి చుయ్‌లాయ్‌కిచ్చి చేశారు. జాలరి. మా సముద్రపు ఊళ్ళ పద్ధతి మీకు తెలుసు, ఇప్పుడు మానేశారు గానీ. పెళ్ళైన మూడో రోజుకి పిల్ల పుట్టింటికి వచ్చేస్తుంది. పండగలకి మాత్రం మొహం మీదికి రుమాలు లాక్కుని అత్తారింటికి వెళ్ళాలి, చీకటి పడ్డాక చేరాలి, తెల్లారకముందే బయటపడాలి. కడుపు పండితేనే ఆ ఇంట్లో స్థిరపడేది. అప్పటిదాకా పెళ్ళాం మొహం మొగుడికి తెలియదు, మొగుడి మొహం పెళ్ళానికి తెలియదు. ఇంత గొప్ప పద్ధతి ఏ మహానుభావుడు పెట్టాడో, వాడి పెళ్ళాం మొహం ఎలా ఉండేదో.

పెళ్ళైన రెండో ఏడు బోంగ్‌చీ, నేను చేపల రేవుకి వెళ్ళాం. పడవ దిగిన కుర్రాడొకడు వంజరం ఎత్తి చూపించాడు.

"పొద్దున పట్టిందే, అక్కా. ఇంకా ఊపిరి తీస్తోంది."

"ఊపిరి తీసేది నువ్వు. అది మొన్ననే పోయింది. ఆ కళ్ళు చూడు, మీ తాత కళ్ళలా ఉన్నాయి," అంది బోంగ్‌చీ.

"మా తాతని నువ్వెప్పుడు చూశావ్?"

"చూడక్కర్లేదు. నిన్ను చూస్తే తెలుస్తోంది, మీ వంశంలో తాజా సరుకు లేదని."

రేవంతా నవ్వింది. వాడి చెవులు ఎర్రబడ్డాయి. చేపని మా బుట్టలోకి విసిరేసి, "తీసుకుపో తల్లీ, నీ నోటికో దండం! నిన్ను కట్టుకున్నవాడెవడో గానీ, వాడికి ఇంటికన్నా సముద్రమే నయం," అన్నాడు.

నెలన్నర పోయాక పడవల పండక్కి అత్తారింటికి వెళ్ళింది. చీకట్లో మొగుడు "కాళ్ళు కడుక్కున్నావా?" అన్నాడట. ఆ గొంతు విని ఇది "వంజరం!" అంది. వాడు "అమ్మ బాబోయ్, తాత కళ్ళు!" అన్నాడు. అత్తగారు గోడ బాదేదాకా ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారట. ఇంతకన్నా మంచి పెళ్ళిచూపులు మా జిల్లాలో ఎవరికీ జరగలేదు.

ఆ తర్వాత దానికి పండగల మధ్య రోజులు గడవడం కష్టమైంది. ఒకరోజు "ఊరికే వెళ్ళొస్తానే, పండగ లేకపోతేనేం?" అంది. మేం నలుగురం దాని మీద పడ్డాం. పండగ లేకుండా మొగుడి దగ్గరికి పోయేదాన్ని జట్టులో ఏడిపించడం మా ఆచారం. "వంజరం రుచి మరిగింది పిల్లి," అన్నాను నేను. అందరికన్నా ఎక్కువ ఏడిపించింది నేనే. ఆ సంగతి మీ తాతకి కూడా చెప్పలేదు. అది వెళ్ళడం మానేసింది. మరుసటేడు గాలివానలో చుయ్‌లాయ్ పడవ ఆరుగురితో సహా తిరిగి రాలేదు. శవం దొరకలేదు. బట్టలు పెట్టి సమాధి కట్టారు. అన్నీ కలిపితే ఇరవై రెండు రోజుల కాపురం. పిల్లల్లేరు.

అక్కణ్ణించి బోంగ్‌చీకి పట్టుకుంది ఒకటే బెంగ. బతికున్నప్పుడు ఎక్కడుంటానన్నది కాదు. చచ్చాక నా పేరు ఏ కప్పు కింద ఉంటుంది, అని. మీరు నవ్వుతారు. నవ్వండి. చచ్చిన పెద్దల పేర్లుండే పుట్టింటి పూజ బల్ల మీద పెళ్ళైన ఆడపిల్ల పేరు పెట్టకూడదు. దాని అన్న పెళ్ళాం ఆ సంగతి రోజూ గుర్తు చేసేది, అన్నంలో రాయి తగిలినట్టు. అత్తగారేమో "కడుపు పండి మా గడప లోపల స్థిరపడితే మా మనిషి. ఇది పండగలకి వచ్చిపోయిన చుట్టం," అంది. సమాధి రాయి మీద మొగుడి పక్కన పేరుంటేనే ఇంట్లో పూజ బల్ల మీద పేరు. లేకపోతే ఏడో నెలలో రోడ్డు పక్కన పెట్టే పళ్ళేల దగ్గర దిక్కులేని దయ్యాలతో కలిసి ఏడాదికోసారి తినాలి. బోంగ్‌చీకి దయ్యాలంటే భయం లేదు. వరసలో నిలబడటమంటే ఒళ్ళుమంట.

ఆ శీతాకాలమే మా ఊళ్ళో పెద్దవాళ్ళకి చదువు పెట్టారు. పట్నం నుంచి గో మాస్టారని కళ్ళజోడు కుర్రాడు వచ్చాడు. పొద్దంతా రాళ్ళు మోసి వచ్చిన ఆడవాళ్ళం, భుజాలు మండిపోతుంటే బల్లల మీద కూర్చున్నాం. మొదటి రోజు నల్లబల్ల మీద ‘ఆన్’ అనే అక్షరం రాశాడు. మన హుయ్‌ఆన్ జిల్లా పేరులో ఉన్న అక్షరమే.

"ఇదొక బొమ్మ," అన్నాడు మాస్టారు. "పైన ఉన్నది ఇంటికప్పు. కింద ఉన్నది మోకాళ్ళ మీద కూర్చున్న ఆడమనిషి. ఇంటికప్పు కింద ఆడది కూర్చుని ఉంటే నెమ్మది. అందుకే ఈ అక్షరానికి నెమ్మది అని అర్థం. మూడు వేల ఏళ్ళ కింద తాబేటి చిప్పల మీద, ఎద్దు ఎముకల మీద గీశారు దీన్ని."

"మూడు వేల ఏళ్ళ నుంచీ కూర్చునే ఉందా?" అంది బోంగ్‌చీ వెనక బల్ల నుంచి. "కాళ్ళు తిమ్మిరెక్కలేదూ?"

అందరం పగలబడ్డాం. మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"అది గౌరవంగా కూర్చోవడం, అక్కా."

"ఆవిడ గౌరవంగా కూర్చుంటే రాళ్ళెవరు మోస్తున్నారు, మాస్టారూ? నీళ్ళెవరు తెస్తున్నారు? మా జిల్లా పేరులోనే కూర్చున్న ఆడది ఉంది. జిల్లా అంతా వెతుకు, కూర్చున్న ఆడదాన్ని ఒక్కదాన్ని చూపించు, నా రెండు బుట్టలూ నీకిచ్చేస్తా."

మాస్టారు నవ్వాడు పాపం. మంచివాడే. అప్పుడు బోంగ్‌చీ లేచి బల్ల దగ్గరికి వెళ్ళి ఆ అక్షరం మీద వేలు పెట్టింది. దాని గొంతు మారింది.

"ఈ కప్పు ఎవరిది? పుట్టిల్లా, అత్తిల్లా?"

"అది... అక్షరంలో లేదక్కా."

"ముఖ్యమైంది వదిలేసి మిగతాదంతా గీశారన్నమాట. గీసింది మొగాళ్ళే అయ్యుంటారు."

పదకొండు రోజులు నడిచింది ఆ బడి. తర్వాత ఆనకట్ట పనికి అందర్నీ తోలారు. నేను పది అక్షరాలు నేర్చుకుని తొమ్మిది మర్చిపోయాను. బోంగ్‌చీకి ఆ ఒక్కటీ మనసులో దిగబడిపోయింది, చేప ముల్లులా.

దాని బతుకులో తర్వాతి పాతికేళ్ళు చెప్పడానికేముంది? రాళ్ళు. క్వారీ నుంచి దారికి, దారి నుంచి పడవకి. పసుపు టోపీ, పూల రుమాలు, భుజం మీద కావడి, అవతలి కొసన ఇంకో ఆడది. మొగాళ్ళు చేపలకి పోయామని చెప్పి రేవులో టీ తాగేవాళ్ళు. రాళ్ళ పనిశాలలో ఒక ముసలి చెక్కుడువాడి బొటనవేలు నలిగిపోతే, అక్షరాల గాడిలో రంగు నింపే బోంగ్‌చీకి ఉలి ఇచ్చారు, తాత్కాలికంగా. ఆ తాత్కాలికం చచ్చేదాకా సాగింది.

కాగితం మీద కుంచెతో రాసిన అక్షరాన్ని రాతికి అంటించి, దాని మీదుగా చెక్కుకుంటూ పోవాలి. చదువు రాకపోతేనేం, ఆకారం వచ్చు. గీత ఎక్కడ లావెక్కుతుందో, ఎక్కడ తోకలా సన్నబడుతుందో దానికి తెలిసినట్టు చదువుకున్నవాళ్ళకి తెలియదు. ‘ఆన్’ చెక్కేటప్పుడు మాత్రం అందరూ కప్పు ముందు చెక్కితే, ఇది కింది ఆడమనిషిని ముందు చెక్కేది. మేస్త్రీ అరిచేవాడు.

"వరస తప్పుతున్నావే! పై గీత ముందు!"

"ఇల్లు కట్టి దాంట్లోకి ఆడదాన్ని తోసేది మీరు. ముందు మనిషి రానీ. కప్పు సంగతి తర్వాత చూద్దాం."

తర్వాత కాలం మారింది. సొంత దుకాణాలు పెట్టుకోనిచ్చారు. చుయ్‌లాయ్ తమ్ముడు లియాంగ్‌బోక్ పెద్ద చెక్కుడు పనిశాల పెట్టాడు. సముద్రం అవతలి దేశాలకి సమాధి రాళ్ళు పంపేవాడు. పంది కొవ్వులా నున్నటి మనిషి. నవ్వితే బంగారు పన్ను. తన వదినని పనిలో పెట్టుకున్నానని ఊరంతా చెప్పుకునేవాడు, అదేదో ధర్మం చేసినట్టు. ఆ పనిశాలలో ఆవిడ చేతికి సాటివచ్చేవాడు లేడని మాత్రం చెప్పేవాడు కాదు.

బేరానికి వచ్చిన ప్రతివాణ్ణీ బోంగ్‌చీ ఒకటే అడిగేది. రాతి మీద ‘ఆన్’ చూపించి "మీ ఊళ్ళో దీనికి ఏమని అర్థం?" అని. లియాంగ్‌బోక్ పళ్ళు నూరుకునేవాడు, పైకి బంగారు పన్ను చూపించేవాడు.

కొరియా నుంచి వచ్చిన ప్యో అనే పెద్దమనిషి, "మేం ఎదురుపడితే పలకరించే మాటలో ఉంది. క్షేమంగా ఉన్నావా, అని అడగడం," అన్నాడు దుబాసీ ద్వారా.

"అడిగాక జవాబు వినేదాకా ఆగుతారా, లేక పోతూ పోతూ అడుగుతారా?"

"పోతూ పోతూనే," అని ఒప్పుకున్నాడు ప్యో. నిజం చెప్పాడని ఆవిడ వాడికి వేరుశనగలు పెట్టింది. పిసినారి బోంగ్‌చీ వేరుశనగలు పెట్టడం నేను చూసింది అదొక్కసారే.

వియత్నాంలో నలభై ఏళ్ళుండి వచ్చిన మన వాడ ముసలాయన ఇంకోలా చెప్పాడు. అక్కడ పిల్లలకి ఆ పేరు పెట్టుకుంటారట, నోటితో అంటారట, రాయడం మాత్రం పరాయి అక్షరాల్లో రాస్తారట. బొమ్మ పోయిందట.

"అంటే ఆడదాన్ని కప్పుతో సహా బయట పారేసి, పేరు మాత్రం దాచుకున్నారు," అంది బోంగ్‌చీ. "మా అత్తగారికన్నా ఘనులు."

జపాన్ నుంచి ఏటా వచ్చేవాడు కురమోచి. బక్కపల్చటి మనిషి. రాయిని వేలితో నిమిరి తప్పు పట్టేవాడు, అందుకే బోంగ్‌చీకి అతనంటే మర్యాద. అడిగితే కొంచెం సిగ్గుపడ్డాడు.

"మాకూ నెమ్మదే. అయితే బజార్లో సరుకు చవక అని రాయాలన్నా ఇదే అక్షరం."

పనిశాలలో ఆడవాళ్ళందరం చేతిలో పని ఆపేశాం. నేనప్పుడు అక్కడ రాళ్ళు తోమే పని చేసేదాన్ని.

"చవకా!" అంది బోంగ్‌చీ నా వైపు తిరిగి. "విన్నావా, ఖిమ్? తెలివైన జాతి. మూడు వేల ఏళ్ళుగా మనవాళ్ళు దాచిపెట్టిన సంగతి వీళ్ళు బజార్లో రాసి పెట్టారు. కప్పు కింద కూర్చోబెట్టిన ఆడదెప్పుడూ చవకే కదా!"

కురమోచి కూడా నవ్వాడు. నవ్వి ఊరుకుంటే బాగుండేది. పోతూ పోతూ ఆగి ఇంకోమాట చెప్పాడు. "మా దేశంలో కొందరు పండితులు వేరేగా చెబుతారు. ఆ కప్పు మామూలు ఇంటికప్పు కాదంటారు. పూర్వీకుల పూజ మందిరం అంటారు. కొత్తగా వచ్చిన కోడల్ని అక్కడ కూర్చోబెట్టి, ఆ ఇంటి చచ్చినవాళ్ళందరికీ చూపించి, ఈమె ఇక మన మనిషి అని ఒప్పించడమట. అప్పుడామెకి నెమ్మది. ఎంత నిజమో నాకు తెలియదు."

ఆ రోజు బోంగ్‌చీ అన్నం డబ్బా విప్పకుండా ఇంటికి తీసుకుపోయింది. గో మాస్టారు చెప్పలేకపోయిన జవాబు దొరికింది పాపం, ముప్పై ఏళ్ళ తర్వాత, పరాయి దేశపువాడి నోటి నుంచి. కప్పు ఎవరిదో తెలిసింది. ఆ కప్పు కిందికే తనని రానివ్వలేదు.

రెండేళ్ళకి లియాంగ్‌బోక్‌కి చేతినిండా డబ్బు వచ్చింది. వచ్చినవాడు ఊరుకుంటాడా? అన్న సమాధికి కొత్త రాయి వేయిస్తానన్నాడు. సముద్రానికి ఎదురుగా, గుట్ట మీద, నల్లరాయి. చెక్కేది ఎవరు? బోంగ్‌చీనే. వేరెవరు చెక్కినా చవగ్గా కనబడుతుందని వాడికి తెలుసు.

సమాధి రాతి లెక్క మీకెవరికీ రాదు, చెబుతాను. రాతి మీది అక్షరాలు ఒక్కొక్కటీ వేలు పెట్టి లెక్కపెట్టాలి: పుట్టుక, ముసలితనం, రోగం, చావు, బాధ. మళ్ళీ పుట్టుక. ఆఖరి అక్షరం పుట్టుక మీదో ముసలితనం మీదో ఆగాలి. మిగతా మూడింటిలో దేని మీద ఆగినా ఆ ఇంటికి అరిష్టం. లియాంగ్‌బోక్ రాయించుకొచ్చిన కాగితంలో తొమ్మిది అక్షరాలున్నాయి. బోంగ్‌చీ వేలితో లెక్కపెట్టింది.

"చావు మీద ఆగింది, మరిదీ."

"చూశాను వదినా. ఏదో ఒకటి కలపాలి."

బోంగ్‌చీ వేలు మళ్ళీ మొదటి అక్షరం మీదికి వెళ్ళింది. నేను పక్కనే రాయి తోముతున్నాను, చూశాను. ఆవిడ పేరు మూడక్షరాలు. తొమ్మిదీ మూడూ పన్నెండు. పన్నెండు ముసలితనం మీద ఆగుతుంది. లెక్క ఆవిడ కోసమే నోరు తెరుచుకుని కూర్చుంది. బతికున్నవాళ్ళ పేరు చెక్కి ఎర్రరంగు నింపడం మనకి మామూలే, పోయాక రంగు మార్చుకుంటాం. అదే మాట అంది, జీవితంలో మొదటిసారి మెల్లగా.

"నా పేరు పెడితే సరిపోతుంది మరిదీ. ఎర్రరంగులో."

లియాంగ్‌బోక్ బంగారు పన్ను దాచుకున్నాడు. "అమ్మ ఒప్పుకోలేదు కదా వదినా, పోయేముందు కూడా చెప్పింది. పిల్లల్లేరు, స్థిరపడలేదు. నేనేం చెయ్యను? రెండక్షరాలు కలుపుతాను. పదకొండు. పుట్టుక మీద ఆగుతుంది. శుభం." అని కాగితం మీద ‘పింగ్ ఆన్’ అని, అంటే క్షేమంగా, నెమ్మదిగా అని, రాయించిన ముక్క తీశాడు. ముందే రాయించుకొచ్చాడు, దొంగ సచ్చినోడు.

‘ఆన్’. కప్పు కింద ఆడది.

బోంగ్‌చీ ఆ ముక్క చేతిలోకి తీసుకుంది. "రాతి మీద కూర్చునే ఆడదానికి చోటుందన్నమాట. రాయి మోసినదానికే లేదు."

"అలా అనకు వదినా. మంచి అక్షరం."

"మంచిదే. నోరు లేదు కదా."

నేనైతే ఉలి వాడి కాలి మీద వేసి వచ్చేసేదాన్ని. ఆవిడ చెక్కింది. నాలుగు రోజులు చెక్కింది. ఆ ‘ఆన్’ చూడాలి మీరు, ఇప్పటికీ గుట్ట మీద ఉంది. నడుం నిటారుగా, గాలి వీస్తే తల రుమాలు కొస కదిలినట్టు ఆఖరి గీత. ముందు ఆడమనిషిని, తర్వాత కప్పుని, ఎప్పట్లాగే. అయ్యాక ఆ నల్లరాతి తరుగులోంచి జానెడు ముక్క అడిగింది. లియాంగ్‌బోక్ ధారాళంగా ఇచ్చాడు, పారేసే ముక్కే కదా. దాని మీద తన పేరు చెక్కుకుని, ఎర్రరంగు నింపుకుని, రుమాల్లో చుట్టి మన ఇంటికి తెచ్చింది.

"ఖిమ్, నీ చాప మీద చోటుందా?"

పదమూడేళ్ళప్పటి ఒట్టు. ఖర్చేముంది అన్నానే, ఇదిగో ఖర్చు. ఇది దాన్ని వంజరం మరిగిన పిల్లి అని ఎగతాళి చేసిన నోటికి ఖర్చు. నేను "ఉంది" అన్నాను.

మీ తాత గంతులేశాడు. "వేరే ఇంటిపేరు మన కప్పు కిందకా? మా పూర్వీకులు లేచి కొడతారు!"

"లేవాలంటే ముందు వాళ్ళు నీ మొహం గుర్తుపట్టాలి. ఇరవై ఏళ్ళుగా వాళ్ళకి అగరొత్తి వెలిగించేది నేను. నేనడుగుతాలే," అన్నాను. పూజ బల్ల ముందు మోకాళ్ళేసి రెండు చెక్క బద్దలూ విసిరాను. ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా పడితే ఒప్పుకున్నట్టు. మొదటిసారి రెండూ వెల్లకిలా పడ్డాయి, పూర్వీకులు నవ్వారన్నమాట. రెండోసారి రెండూ బోర్లా, కాదన్నారు. ఏడుసార్లు వేశాను. ఏడోసారి ఒప్పుకున్నారు. పూర్వీకులైనా మొగాళ్ళేగా, విసిగిస్తే సరేనంటారు. పెద్ద బల్ల మీద వద్దు, వేరే చెక్క మీద పెట్టుకో అని మీ తాత బేరమాడాడు.

"వంటింట్లో పెట్టు," అంది బోంగ్‌చీ. "అక్కడైతే పూర్వీకులెవరూ తొంగిచూడరు."

అక్కడితో అయిపోయేది. రెండేళ్ళ తర్వాత పనిశాలలో రాయి జారి లియాంగ్‌బోక్ కాలు నలిగింది. మూడు నెలలు మంచం. గుళ్ళో పూనకం వచ్చినవాడు, "నీ అన్న కింద ఒంటరిగా వణుకుతున్నాడు, పెళ్ళాం ఏదని అడుగుతున్నాడు," అన్నాడట. ఇంకేం, కర్ర పట్టుకుని కుంటుకుంటూ మన వాకిట్లోకే వచ్చాడు. బోంగ్‌చీ, నేను గుమ్మంలో కూర్చుని గుల్లలు విప్పుతున్నాం.

"వదినా, తప్పైపోయింది. అన్న రాతి మీద నీ పేరు చెక్కుకో. ఇవాళే చెక్కుకో. ఇంట్లో పూజ బల్ల మీద కూడా పెడతాను."

ముప్పై ఏళ్ళకి పైగా ఆ మాట కోసమే బతికింది మనిషి. చేతిలో గుల్ల అలాగే ఉండిపోయింది. చుయ్‌లాయ్ నవ్వు విన్నట్టుంది దాని మొహం. నేను అవతలికి తిరిగాను. ఆ మొహం చూడటానికి నాకు హక్కు లేదు.

తర్వాత కత్తి కింద పెట్టి వేళ్ళు తుడుచుకుంది.

"లెక్కపెట్టు మరిదీ. పదకొండున్నాయి. నావి మూడు."

వాడు పెదాలు కదిపాడు. పుట్టుక, ముసలితనం, రోగం... పద్నాలుగు. చావు. వాడి మొహం తెల్లబడింది.

"రాయి మార్చిద్దాం."

"నిలబెట్టిన సమాధి రాయి పీకడమంటే చచ్చినవాళ్ళ ఇంటి తలుపు పీకడం. నువ్వే అందరికీ చెబుతుంటావుగా."

"పోనీ ఆ రెండక్షరాలు గీకేసి..."

"మీ అన్న సమాధి మీంచి నెమ్మదిని గీకేస్తావా? గీకించు. నేను మాత్రం చెయ్యను. ఒప్పుకునే చెక్కుడువాణ్ణి తెచ్చుకో."

తెచ్చుకోవాలనే చూశాడు. ముగ్గుర్ని అడిగాడు. సమాధి మీది ‘పింగ్ ఆన్’ గీకమంటే ముగ్గురూ చెవులు మూసుకుని ఉమ్మేశారు. తనని బయట పెట్టడానికి తెచ్చిన ‘ఆన్’లోని ఆడదే ఇప్పుడు గుమ్మానికి అడ్డంగా కూర్చుందని బోంగ్‌చీ ఆ సాయంత్రం చాలాసేపు నవ్వింది. గుల్లలన్నీ ఆవిడే తిన్నది. లియాంగ్‌బోక్ కాలు నయమైంది లెండి, కుంటు మిగిలింది. పూనకం కంటే ఎముకల వైద్యుడు బాగా పనిచేశాడు.

తర్వాత కూడా ప్రతి సమాధుల పండక్కీ గుట్ట ఎక్కేది. మొగుడి రాతిని తడిగుడ్డతో తుడిచి, ఒక వంజరం ముక్క పెట్టి, "తాజాదేరా, కళ్ళు చూసి కొన్నా," అనేది. మన ఇంటికొచ్చి వంటింట్లో తన రాయిని మాత్రం తుడవనిచ్చేది కాదు. "బతికుండగా నా దుమ్ము నేను చూసుకుంటాలే," అనేది.

చలికాలంలో పోయింది, అన్న ఇంటి వెనక గదిలో, ఒళ్ళో ఉలి పెట్టుకుని. అన్న పెళ్ళాం గంటలోపే కబురు పంపింది, చివరిచూపుకి రమ్మని కాదు, మనిషిని తీసుకెళ్ళమని. నేనూ మీ నాన్నా వెళ్ళాం. పలక మీది ఎర్రరంగు గీకి నల్లరంగు నేనే నింపాను. రంగు ఎక్కువై రెండో అక్షరం కింద కారింది. మీరు మసి అనుకుని కొబ్బరిపీచుతో రుద్దుతున్నది దాన్నే. రుద్దకండి.

పోయేనాటికి బోంగ్‌చీ వయసు డెబ్బై రెండేళ్ళు.